చేరని టెంకాయ చిప్ప

దామోదరం మనసులో ఇరవై ఏడేళ్లుగా ఒక సందేహం ఉంది. ఆదోనిలో రణమండల ఆంజనేయస్వామి కొండకు ఏటేటా తను మోసుకుపోయే టెంకాయలు ఎందుకు పెరుగుతున్నాయన్నదే ఆ సందేహం. జనం నిజంగా పైకి ఎక్కుతున్నారా, లేక గీత తనంతట తానే కిందికి దిగుతోందా? స్వామిని అడుగుదామంటే ఆయన నోరు తెరవడు. ఆడిటరు గారిని అడుగుదామంటే ఆయన స్వామి దగ్గరికే పోయాడు.

గీత అంటే ఇన్‌కంటాక్సు గీత. ఎంత ఆదాయం దాటితే అన్నిటికంటే పెద్ద రేటు పడుతుందో ఆ గీత. దాన్ని దాటినవాళ్ల పేరు పక్కన ఆఫీసు రిజిస్టరులో సిందూరం బొట్టు పెట్టడం ఆడిటరు గారు మొదలుపెట్టిన ఆచారం. శ్రావణమాసం మొదటి శనివారం కొండ మీద ఆ పేర్లకు ఒక్కో టెంకాయ కొట్టించి, ఒక చిప్ప స్వామి దగ్గర వదిలి, రెండో చిప్ప వాళ్ల ఇంటికి చేర్పించేవాడు. "సర్కారుకు అందరికంటే ఎక్కువ ఇచ్చినోళ్లకు దేవుడి దగ్గరినుంచైనా కొంచెం వెనక్కి రావాల గదప్పా" అనేవాడు. ఆడిటరు గారు పోయాక ఆఫీసూ రిజిస్టరూ ఆచారమూ గుమాస్తా అయిన దామోదరానికే మిగిలాయి. ఆదోనిలో పత్తి వ్యాపారులకు ఆ చిప్పంటే గౌరవం. రాని ఏడు ఇంట్లో ఆడవాళ్లు "ఈసారి మనకు రాలేదేమి" అని అడిగే స్థాయికి వచ్చింది.

ఏడాదికొకటిగా పేరుకున్న ఆ రిజిస్టర్లనే భారతి అడిగింది. ఎమ్మిగనూరులో డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే లెక్చరరు ఆమె. బదిలీ మీద ఈ పక్కకు వచ్చి, మొదటిసారి దామోదరం చేత రిటర్ను రాయించుకుంది. బొట్ల సంగతి విని ముచ్చటపడింది. "నూటికి ఎంతమంది ఆ గీత దాటినారో ఏడాదికేడాది రాసుకుంటానన్నా. ఇట్లాంటి లెక్క ఏ ఊర్లోనూ దొరకదు" అంది. దామోదరం సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే ఆమె పాన్ కార్డు మీద తండ్రి పేరు చూశాడు. లక్ష్మన్న. మీ నాయన ఏం పనిచేసేవాడమ్మా అని అడిగితే, "ఆదోనిలో కృష్ణప్ప శెట్టి జిన్నింగు మిల్లులో హమాలీ అన్నా" అంది. దామోదరం మిగిలిన ఏళ్ల రిజిస్టర్లన్నీ ఇచ్చి, మొట్టమొదటిది మాత్రం ఎలుకలు కొట్టేశాయని తర్వాత ఫోన్లో చెప్పాడు.

ఎలుకలు కొట్టలేదు. పూజగదిలో పంచాంగాల కింద భద్రంగానే ఉంది.

ఇప్పుడు శ్రావణ శనివారం వచ్చేసింది. ఈ ఏడు రిటర్నుల గడువు సెప్టెంబరు దాకా పొడిగించారు గాని, ఆంజనేయస్వామి దగ్గర పొడిగింపులు ఉండవు. అప్పటిదాకా తేలిన పేర్లకే టెంకాయలు కొట్టించి, తెల్లారి ఎనిమిదింటికంతా దామోదరం కొండ దిగి ఇల్లు చేరాడు. వరండా నిండా చిప్పలు పరిచి, ఒక్కోదాని మీద పేరు రాసిన చీటీ పెట్టాడు. తెల్లటి కొబ్బరి మీద సన్నటి వెలుతురు పడుతోంది. చూస్తూంటే ఆయనకు ఆ చిప్పలన్నీ ఏదో కాలువలో మెల్లగా తేలిపోతున్నట్టు అనిపించింది. మొదటి ఏడు నాలుగే చిప్పలు. చేతిసంచిలో పట్టాయి. ఇప్పుడు ఆటో కావాలి.

"ఏమండీ, లెక్క తప్పినారే" అంది భార్య రాజేశ్వరి కాఫీ గ్లాసు పెడుతూ. "ఎమ్మిగనూరు సంచిలో రెండు చిప్పలు పెట్టినారు. ఆ లెక్చరరమ్మ ఒకతే గదా?"

"తప్పలేదు. రెండో టెంకాయ కూడా కొట్టించినా."

"యాలా? ఆయమ్మ జీతం రెండింతలు దాటిందా గీతను?"

"దాటలేదు."

"మరి ఎవురిది?"

దామోదరం కాఫీ చల్లారేదాకా గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. రాజేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుని ఆయన ఎదుట పీట వేసుకుంది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఇట్లా మాట మింగినప్పుడల్లా దాని వెనక ఏదో ఉంటుందని ఆమెకు తెలుసు.

"ఆ రిజిస్టరు పంచాంగాల కింద యాల పెట్టినారో నేను అడగలే. ఎలుకలు కొట్టినాయని ఆయమ్మకు ఫోన్లో సెప్తాంటే విన్న్యా. పూజగదిలో దాచి అబద్ధం సెప్తిరి. ఎలుక వినాయకుడి వాహనం, దాని మీద గూడా నింద ఏసినారు" అంది.

ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "ఈ పొద్దు తీసుకుపోతాను" అన్నాడు. లేచి పూజగదిలోకి పోయి, పంచాంగాలు పక్కకు జరిపి, ఎర్రటి అట్ట వేసిన ఆ రిజిస్టరు సంచిలో పెట్టుకున్నాడు.

"ఆయమ్మ మిమ్మల్ని అన్నా అని పిలుస్తాది" అంది రాజేశ్వరి గడప దాకా వచ్చి. "పోయి వచ్చినంక గూడా పిలిస్తే బాగుండు."

భయం అదే. ఆమె సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది.

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. తుంపర పడుతోంది. ఊరు దాటగానే రెండు పక్కలా మోకాలెత్తు పత్తి చేలు, వాటి మీద పలచటి మబ్బు నీడలు. తుంగభద్ర దిగువ కాలువ, ఎల్లెల్సీ, మీది వంతెన బస్సు ఎక్కినప్పుడు దామోదరం అలవాటుగా కిందికి చూశాడు. కాలువ గోడ మీద నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో కొలిచే గీతలు గీసి ఉంటాయి. నీళ్లు ఒక్కో గీతనే ముంచుకుంటూ నిదానంగా పోతున్నాయి. తన రిజిస్టరు కూడా ఇంతే గదా అనుకున్నాడు.

గీత మొదట లక్షన్నర దగ్గర ఉండేది. అది అక్కడే ఏళ్ల తరబడి కదలకుండా నిలబడింది. జీతాలు పెరిగాయి, బియ్యం మూట ధర పెరిగింది, పత్తి క్వింటాలు ధర పెరిగింది. నీళ్లు పెరిగినట్టు జనం తమకు తెలియకుండానే గీతను తాకారు. నూటికి ముగ్గురు ఉన్న బొట్లు పదిహేను అయ్యాయి. ఉన్నట్టుండి ఒక బడ్జెట్‌లో గీత రెండున్నర లక్షలకు లేచింది, బొట్లు సగమయ్యాయి. తర్వాత అయిదు, ఎనిమిది, పది. పది దగ్గర మళ్లీ ఏళ్లకేళ్లు నిద్రపోయింది. మళ్లీ నూటికి పదిహేను మంది. కొత్త పద్ధతిలో పదిహేను లక్షలకు జరిగింది. వచ్చే ఏడు నుంచి ఇరవై నాలుగు లక్షలట. ఈ ఏడు ఆటో నింపిన చిప్పలు వచ్చే ఏడు మళ్లీ చేతిసంచిలో పట్టొచ్చు. బ్యాంకు మేనేజరు, సూపరింటెండెంటు, స్కానింగు సెంటరు డాక్టరు - వీళ్లెవరూ బీదవాళ్లు కాబోవడం లేదు. బొట్టు మాత్రం చెరిగిపోతుంది. అయితే ఆ బొట్టు దేనికి గుర్తు స్వామీ? మనిషి ఎత్తుకా, గోడ మీది గీతకా?

కళ్లు మూతలు పడ్డాయి. బస్సు ఊగుడులో ఆయనకు పాత ఆఫీసు కనిపించింది. జిన్నింగు మిల్లుల నుంచి గాల్లో లేచి వచ్చే పత్తి పింజలు కిటికీలో నుంచి తేలుతూ లోపలికి వచ్చేవి. కాగితాల మీద, సిరాబుడ్డి మీద, ఆడిటరు గారి కళ్లజోడు మీద వాలేవి. ఒక సాయంత్రం కృష్ణప్ప శెట్టి వచ్చాడు. వెనకాలే భుజం దగ్గర చొక్కా చిరిగిన హమాలీ. జుట్టు నిండా పత్తి. వాకిట్లోనే నిలబడిపోయాడు. లోపల ఆడిటరు గారూ శెట్టీ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆడిటరు గారు పిలిచి, "లక్ష్మన్న పేరు మీద రిటర్ను రాయి. ఆదాయం లక్షా ఎనభై నాలుగు వేలు" అన్నాడు.

దామోదరానికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. కొత్తగా చేరాడు. రోజంతా పత్తి బోరాలు మోసినా ఏడాదికి ఇరవై వేలు చూడని మనిషికి లక్షా ఎనభై నాలుగు వేలు ఎక్కడివి? శెట్టి తన ఆదాయం ముక్క ఒకటి కోసి ఈ బీదవాడి నెత్తిన పెట్టాడనుకున్నాడు. అడగలేదు. రాసేశాడు. హమాలీ వచ్చి సంతకం చేశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చేశాడు. రిజిస్టరులో నాలుగో బొట్టు పడింది.

శనివారం నాలుగు చిప్పలిచ్చి పంపారు. మూడు చేర్చాడు. నాలుగోది పట్టుకుని హమాలీల వీధి మొదట్లో నిలబడిపోయాడు. అబద్ధానికి ప్రసాదమా? గుడిసె వాకిట్లో నిలబడి "మీరు పెద్ద రేటు కట్టినారు, ఇది తీసుకోండి" అంటే ఎగతాళి కాదూ? వెనక్కి తిరిగాడు. మార్కెట్ యార్డు గోడ పక్కన కట్టేసిన ఒక మేకకు ఆ కొబ్బరి పెట్టేశాడు. మేక తిన్నంతసేపూ ఆయన వైపే చూసింది. ఇన్నేళ్లలో ఎప్పుడు కొండెక్కినా, హారతి వెలుగులో స్వామి ముఖం కంటే ముందు ఆ మేక కళ్లే గుర్తుకొస్తాయి.

బస్సు ఆగింది. ఎమ్మిగనూరు.

భారతి ఇల్లు నేత మగ్గాల వీధి వెనక ఉంది. చిన్న ఇల్లు, కొత్త సున్నం. లోపల గోడ మీద లక్ష్మన్న ఫోటో, దానికి చేమంతుల దండ. దామోదరం ఆ ముఖాన్ని ఇరవై ఏడేళ్ల తర్వాత మళ్లీ చూశాడు. జుట్టులో పత్తి లేదు, అంతే తేడా.

"రాండి అన్నా! వానలో తడిసి వచ్చినారే" అంటూ భారతి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. మూలన మంచం మీద కూర్చున్న ముసలామెను చూపించి, "మా అమ్మ, భీమక్క" అంది. "అమ్మా, ఆదోని నుంచి దామోదరం అన్న వచ్చినాడు. రిటర్ను రాసినాయన."

భీమక్క కళ్లు చికిలించి చూసింది.

దామోదరం మొదటి చిప్ప తీసి భారతి చేతికిచ్చాడు. నుదుట పెట్టుకోమని సిందూరం అందించాడు. ఆమె కళ్లకు అద్దుకుని నవ్వింది. "పాత జీతం అరియర్సు అంతా ఒకేసారి పడి గీత దాటించింది. వచ్చే ఏడు నాకు చిప్ప రాదన్నా, గీత పైకి పోతాంది. ఈ ఒక్కటే దక్కుడు. అయినా నా లెక్క తొంభై శాతం అయిపోయింది. మొదటి ఏడు ఒక్కటే లేదు. నూట ముప్పై ఒక్క పేర్లని మీరే చెప్పినారు. అందులో బొట్లెన్నో గుర్తుంటే చాలు. మూడా, నాలుగా?"

అడిగింది చిన్న మాటే. మూడు అంటే ఆమె లెక్క నిజమవుతుంది, ఆమె తండ్రి పేరు ఎప్పటికీ బయటికి రాదు. నాలుగు అంటే రిజిస్టరు తెరవాలి. ఫోటోలోని మనిషి తననే చూస్తున్నాడు.

"ఎలుకలు కొట్టలేదమ్మా" అన్నాడు. "నేను అబద్ధం చెప్పినాను."

సంచిలోంచి రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టాడు. మొదటి పుట తెరిచాడు. సిందూరం నల్లబడి ఇటుక రంగుకు తిరిగింది. మూడు బొట్లు దాటి ఆమె వేలు నాలుగో బొట్టు పక్కనున్న పేరు దగ్గర ఆగింది.

"ఇది... మా నాయనా?"

"మీ నాయనే."

"మా నాయన హమాలీ అన్నా. ఆ ఏడు నేను ఆరో తరగతి. కాళ్లకు చెప్పుల్లేకుండా బడికి పోయినా." గొంతు మెల్లగా మారింది. "లక్షా ఎనభై నాలుగు వేలంట. ఎవురి లెక్కిది? శెట్టిదా?"

"అప్పట్లో అట్లే అనుకున్నాను."

"అనుకోని రాసినారా?"

"రాసినాను."

"మా నాయన్ను అడిగినారా, ఇది నీదేనా అని?"

"లేదమ్మా."

"ఒక్క మాట అడిగేదానికి ఏమైందన్నా మీకు?" భారతి లేచి నిలబడింది. ఆ 'అన్నా' అనవసరంగా నోట్లోంచి వచ్చిందన్నట్టు ఆగింది. "ఒకని దొంగలెక్క మా నాయన నెత్తిన మోపితే, మీరు దానికి బొట్టు పెడితిరి. ఇన్నేళ్లు దాచిపెడితిరి. నేను లెక్క అడిగితే ఎలుకలంటిరి. ఇంక నేను ఏం రాసుకోవాల? నూటికి ఇంతమంది, అందులో ఒకడు బోరాలు మోసేవాడు అనా?"

దామోదరం తల వంచుకున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి రెండో చిప్ప తీశాడు. "ఆ శనివారం నాలుగు చిప్పలు ఇచ్చి పంపినారు. మీ నాయనది మాత్రం చేర్చలేదు. మీ వీధి మొదట్లోంచే వెనక్కి పోయినాను. ఇది ఆ చిప్ప. ఈ పొద్దు ఆయన పేరు మీదనే కొట్టించినా. తీసుకోకపోయినా నేనేమీ అనుకోను."

భారతి చెయ్యి చాపలేదు.

"వాడేనా నువ్వు?" అంది మంచం మీంచి భీమక్క.

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఆ పిల్లోడివి నువ్వేనాప్పా? ఆడిటరు దగ్గర సన్నగా, చెవి మింద పెన్సిలు పెట్టుకోని ఉంటివే?"

"నేనేనమ్మా."

"ఓరి సామీ." భీమక్క చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకు వంగింది. "ఆ శనారం మా ఆయన పనికి పోలేదు తెలుసునా? ఒక పూట కూలి ఇడిసిపెట్టినాడు. ఆడిటరు సెప్పినాడంట, లక్ష్మన్నా, శనారం మా పిల్లోడు స్వామి టెంకాయ తెస్తాడు, ఇంట్లో ఉండు అని. తెల్లారితోనే తలకు పోసుకున్న్యాడు. వాకిట్లో పేడనీళ్లు నా సేత సల్లిచ్చినాడు. వచ్చే పిల్లోడు కూసోవాల గదా అని పక్కింటి అబ్రహాం ఇంట్లోంచి కుర్చీ అడిగి తెచ్చినాడు. మా ఇంట్లో యాడిది కుర్చీ? అది నడిమింట్లో ఏసి, తను గడప మింద కూసున్న్యాడు. పొద్దు మునిగేదాకా కూసున్న్యాడు."

దామోదరానికి వీధి మొదట్లోంచి ఇంకో ఇరవై అడుగులు వేసి ఉంటే ఆ గడప కనిపించేది.

"ఏమే, రాలేదే అంటాండె. టెంకాయ కోసరం గాదప్పా ఆ మనిసి ఎదురుచూసింది. వీధిలో అందరూ చూస్తాండగా నా ఇంటికి వస్తాదని. కుర్చీ తిరిగి ఇచ్చేటప్పుడు అబ్రహాం అడిగితే, మర్చిపోయింటాడులే, సిన్నపిల్లోడు అన్న్యాడు. నిన్ను ఒక్క మాట తిట్టలే."

"తిట్టి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు దామోదరం. కళ్లు నిండాయి.

"నువ్వేమో అది దొంగలెక్క అనుకోని పోయినావు."

"శెట్టి ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చినాడమ్మా. ఆ రోజు నేను కళ్లారా చూసినా."

భీమక్క నోట్లో మిగిలిన నాలుగు పళ్లూ కనబడేలా నవ్వింది. భారతి ఆ నవ్వు చూసి ఆశ్చర్యంగా తల్లి దగ్గరికి జరిగింది.

"శెట్టి మా ఆయన్ను పిల్చుకోని రాలేదప్పా. మా ఆయనే శెట్టిని పిల్చుకోని వచ్చినాడు. ఆడిటరు కాడికి దావ సూపీమని, ముందర నడిపిచ్చుకోని. ఆ దుడ్డు మాదే. పైసా పైసా మాదే. శెట్టిది ఒక్క రూపాయి లేదు అందులో."

"అమ్మా!" అంది భారతి. "మనదా? లక్షా ఎనభై నాలుగు వేలా? మరి నా చెప్పులు...?"

"ఉండవే. అదీ సెప్తా."

దామోదరం రిజిస్టరు వైపు చూశాడు. ఇరవై ఏడేళ్లుగా అబద్ధమనుకున్న బొట్టు. చిరిగిన చొక్కా చూసి, ఆ మనిషి ఎత్తును తనే తేల్చేశాడు. గోడ మీది గీత ఎక్కడుందో చూడనే లేదు, మనిషిని కిందే నిలబెట్టేశాడు. సందేహం పక్కవాళ్ల మీద పెట్టుకోవడం ఎంత సులువో, తన మీద పెట్టుకోవడం ఎంత కష్టమో ఆయనకు ఆ క్షణాన తెలిసింది.

"నాలుగు అని రాసుకో తల్లీ" అన్నాడు మెల్లగా భారతితో. "మొదటి ఏడు నూట ముప్పై ఒక్క మందిలో నలుగురు."

భారతి పెన్ను తీయలేదు. లోపలికి పోయి, తన కుర్చీ తెచ్చి నడిమింట్లో వేసింది. "కూర్చోండి అన్నా" అంది. ఈసారి ఆ మాట మధ్యలో ఆగలేదు.

దామోదరం కూర్చోలేదు. ముందు చిప్ప రెండు చేతులా పట్టుకుని మంచం దగ్గరికి నడిచాడు. నాలుగే అడుగులు. భీమక్క చెంగు చాపింది. చిప్ప ఆ చెంగులో పడింది. ఆమె దాన్ని కళ్లకు అద్దుకుని, భారతి చెయ్యి పట్టుకుని ఫోటో దగ్గరికి నడిచి, దండ కింద కాసేపు ఉంచింది. "ఇదిగో, పిల్లోడు వచ్చినాడు" అంది ఫోటోతో, అదేదో పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పినట్టు.

తర్వాత మంచానికి తిరిగొచ్చి, కొబ్బరి ముక్కలుగా కొట్టించింది. ఒకటి కూతురి నోట్లో పెట్టింది. ఒకటి తను తీసుకుంది. ఇంకొకటి దామోదరం అరచేతిలో పెట్టి, అప్పుడు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"తిను ముందు" అంది. "తిన్నంక సెప్తా, ఆ ఏడు మా ఆయనకు అంత దుడ్డు యాడ నుంచి వచ్చిందో. అది యాడికి పోయిందో గూడా."

అప్పుడు అడగని మాట ఈసారి వినే లేవాలనుకుని, దామోదరం ముక్క నోట్లో వేసుకున్నాడు. కొబ్బరి తియ్యగా ఉంది.